మిగులు లేదని ధ్రువపత్రం

మా ఊరి పేరు చెప్పను. చెబితే నాకు మెమో వస్తుంది. ఇప్పటికే మూడు ఉన్నాయి, చాలు.

మాదొక పురపాలక సంఘం అనుకోండి. అందులో ఉద్యోగుల వ్యవహారాలు చూసే సెక్షన్లో నేను సీనియర్ అసిస్టెంటుని. పేరు హైమావతి. పంతొమ్మిదేళ్ళుగా ఈ ఆఫీసులోంచి బయటికి పోయిన ప్రతి ఉత్తర్వూ నా చేతుల మీదుగా టైపయిందే. కాబట్టి ఈ కథలో జరిగిన తెలివితక్కువ పనుల్లో అచ్చుతప్పులు మాత్రం ఉండవు. ఆ పూచీ నాది.

వేసవి వెళ్ళిపోతూ ఉండగా రాజధాని నుంచి ఒక సర్క్యులర్ వచ్చింది. ఎవరో సర్వే చేశారట. మహిళా ఉద్యోగులు సర్వీసులో చేరినప్పుడున్న బరువుకీ, ఇరవయ్యేళ్ళ తర్వాత ఉన్న బరువుకీ తేడా ఉందని కనిపెట్టారట. నలభై దాటాక ఆడవాళ్ళ ఒంట్లో జీవక్రియ నెమ్మదిస్తుందనీ, వేళకి తినకపోవడం, నిద్ర చాలకపోవడం లాంటి రోజువారీ అలవాట్లు దానికి తోడైతే ఏడాదికి ఇంత చొప్పున ఒంటికి పట్టేస్తుందనీ రాశారు. అక్కడి వరకూ బాగానే ఉంది. ఆ తర్వాతి పేరా నుంచి ప్రభుత్వం మొదలైంది.

"రాష్ట్రములోని ప్రతి పురపాలక సంఘమూ తన మహిళా సిబ్బంది సగటు బరువును మూడు మాసముల వ్యవధిలో తలకు ఐదు కిలోల చొప్పున తగ్గించవలెను. లక్ష్యమును సాధించిన సంఘములకు అవార్డు ఇవ్వబడును. సాధించని వారి సంజాయిషీ కోరబడును." పథకం పేరు 'తేలికైన మహిళ – చురుకైన పాలన'.

మగవాళ్ళ సంగతి అందులో ఎక్కడా లేదు. మా కమిషనర్ పీతాంబరరావు గారు కుర్చీలోంచి లేవాలంటే రెండు చేతులూ బల్లకి ఆనించి, ముందొకసారి ఊపిరి పీల్చుకోవాలి. ఆయన ఆ సర్క్యులర్ రెండుసార్లు చదివి, "చాలా అవసరమైన పథకమమ్మా," అన్నారు నాతో.

మా ఆఫీసులో ఆడవాళ్ళం పద్నాలుగు మందిమి. మమ్మల్ని తూచాలంటే తూచే మెషినుండాలి కదా. స్టోర్సులో లేదు. కొందామంటే కొటేషన్లు పిలవాలి, కమిటీ కూర్చోవాలి, ఈలోగా మూడు నెలలూ అయిపోతాయి. కమిషనర్ గారు కాసేపు కళ్ళు మూసుకుని తెరిచి, "అందుబాటులో ఉన్న వనరులను గరిష్ఠంగా వినియోగించుకోవాలి. డంపింగ్ యార్డులో కాటా ఉంది కదా?" అన్నారు.

ఉంది. చెత్త లారీలని తూచే కాటా.

మర్నాడు పొద్దున్న పద్నాలుగు మందిమీ చెత్త ట్రాక్టరెక్కి, ముక్కులకి కొంగులు అడ్డం పెట్టుకుని యార్డుకి వెళ్ళాం. కాటా ఆపరేటర్ గణపతి మమ్మల్ని ఆ ఇనప పలక మీద రెండు వరసల్లో నిలబెట్టాడు. ఆ కాటా పది కిలోలకి తక్కువ లెక్కపెట్టదు. తొమ్మిది వందల యాభై అని చూపించింది. గణపతి చీటీ కొట్టి నా చేతికిచ్చాడు. అందులో 'సరుకు: తడి చెత్త' అని ఉంది.

"ఇదేంటి గణపతీ?" అన్నాను.

"మెషినులో రెండే ఉన్నాయండి మేడంగారూ. తడి చెత్త, పొడి చెత్త. పొడి అంటే మీరు బాధపడతారేమోనని తడి కొట్టేను," అన్నాడు పాపం, ఎంతో గౌరవంగా.

తొమ్మిది వందల యాభైని పద్నాలుగుతో భాగిస్తే అరవై ఏడు కిలోల ఎనిమిది వందల అరవై గ్రాములు వచ్చింది. మా సగటు మహిళ బరువన్నమాట. తర్వాత కమిషనర్ గారు ఫోనులో ఇంకో ఆదేశం ఇచ్చారు. ఎవరి బరువు ఎంతో విడివిడిగా కావాలి. ఒక్కొక్కరూ పక్కకి దిగితే కాటా మీద ఎంత తగ్గిందో అదే ఆ మనిషి బరువని రాసుకోమన్నారు. నేను దిగితే డెబ్బై తగ్గింది. రేషన్ షాపు తూకంలో నేను అరవై నాలుగే. ఆరు కిలోలు నాకు ప్రభుత్వం ఇచ్చింది.

వరహాలమ్మ దిగితే కాటా ఎనిమిది వందల డెబ్బైకి పడింది. అంటే ఎనభై కిలోలు. రేషన్ షాపులో డెబ్బై నాలుగున్న మనిషి, రిజిస్టర్లో ఎనభైగా నమోదై, మా సంఘం మొత్తానికీ అత్యధిక బరువుగల మహిళ అయిపోయింది. కష్టాలన్నీ అక్కడ మొదలయ్యాయి.

వరహాలమ్మ మా అటెండరు. రిటైరవడానికి ఇంకా పద్నాలుగు నెలలుంది. మొగుడు సింహాచలం, జూట్ మిల్లు మూసేశాక ఇంట్లోనే ఉంటున్నాడు. ఇద్దరు కొడుకులు ఆటోలు నడుపుతారు. మంచం మీద ఎనభై ఆరేళ్ళ అత్త ఉంది. మధ్యాహ్నం లంచి గంట కొట్టగానే వరహాలమ్మ పరుగులాంటి నడకతో ఇంటికి పోయి, అత్త నోట్లో నాలుగు ముద్దలు పెట్టి, మళ్ళీ రెండింటికల్లా స్టూలు మీద ఉంటుంది. ఇరవై ఎనిమిదేళ్ళలో ఒక్కరోజు ఆలస్యంగా రాలేదు. అలాంటి మనిషికి బరువెందుకు వచ్చిందో తేల్చడానికి రాజధాని నుంచి ఒక నిపుణుడొచ్చాడు.

ఆ కుర్రాడి పేరు శశాంక్. జీవనశైలి సలహాదారు. చేతిలో పలకలాంటి ఫోను, అందులో నూట నలభై ప్రశ్నల ఫారం. మీటింగు హాల్లో కూర్చోబెట్టి ముందుగా వరహాలమ్మనే పిలిచారు. రాసుకోడానికి నేను పక్కన కూర్చున్నాను, పర్యవేక్షించడానికి కమిషనర్ గారు.

"మేడం, రాత్రి డిన్నర్‌లో ఏం తీసుకుంటారు?" అన్నాడు.

"మిగిలింది బాబూ."

"అంటే ఏ ఐటం?"

"అది ఆళ్ళు తిన్నాక గానీ నాకేటి తెలుస్తాది?"

శశాంక్ ఫోనులో వేలు పైకీ కిందకీ నడిపాడు. "మిగిలింది అనే ఐటం మా లిస్టులో లేదు మేడం. సుమారుగా ఎన్ని గ్రాములుంటుంది?"

"ఒకో రోజు గిన్నెడు, ఒకో రోజు గరిటెడు. పారెయ్యలేం గదా బాబూ. సిన్నోడు కూర బాగోనేదని ఒగ్గేస్తే ఆ కూరంతా నానే. అన్నం ఎక్కువయితే అన్నమంతా నానే. మా అత్త సగం తిని ఒగ్గేసిన పెరుగన్నం కూడా నానే."

"ఎన్ని గంటలకి?"

"పెద్దోడు ఆటో ఎట్టి వచ్చీసరికి పదిన్నర. ఆడు తిన్నాక."

"పదకొండింటికి కార్బోహైడ్రేట్లు!" అని కుర్రాడు గుండె మీద చెయ్యేసుకున్నాడు. "పొద్దున్న ఎన్నింటికి లేస్తారు?"

"మూడున్నరకి. నాలుగింటికి కుళాయొస్తాది గదా."

"అయితే నిద్ర నాలుగు గంటలే. జీవక్రియ దెబ్బతినడానికి ఇదే కారణం. మీరు ఆరింటికి లేవాలి."

"ఆరింటికి లేస్తే నీల్లెవులిస్తారు బాబూ?"

ఆ కుళాయి వదిలేది మా పురపాలక సంఘమే. నేను ఆ సంగతి రాయబోతే కమిషనర్ గారు నా పెన్ను ఆపి, "నీటి సరఫరా వేళలు ఈ అధ్యయనం పరిధిలోకి రావమ్మా," అన్నారు.

సాయంత్రానికి పద్నాలుగు ఫారాలూ పూర్తయ్యాయి. చీఫ్ అకౌంటెంటు మేడం దగ్గర్నుంచి ఊడ్చే ఆవిడ దాకా, రాత్రి భోజనం గడిలో అందరమూ ఒకటే మాట రాశాం. నేను కూడా. నేనేమీ ఆకాశం నుంచి ఊడిపడలేదు. మా ఆయనా, మామగారూ, ఇద్దరు పిల్లలూ లేచాక, గిన్నెలు సర్దుతూ సర్దుతూ నిలబడే తింటాను నేను. ప్లేటు కూడా పెట్టుకోను, ఇంకోటి తోమాలని.

వారం తిరక్కుండా శశాంక్ నివేదిక ఇచ్చాడు. అరవై పేజీలు. సారాంశం ఒక్క వాక్యం: మహిళలు ఆఖరున, ఆలస్యముగా, మిగులును అధిక పరిమాణములో సేవించుచున్నారు. దాని ఆధారంగా కమిషనర్ గారు ఉత్తర్వు చెప్పారు, నేను టైపు చేశాను. అందులో ఏడో పేరా ఇది:

"మహిళా సిబ్బంది ఎవరునూ, ఎచ్చటనూ, ఎట్టి పరిస్థితులలోనూ అందరికన్నా ఆఖరున భోజనము చేయరాదు. మిగులును తినరాదు. అతిక్రమించినచో క్రమశిక్షణా చర్య తీసుకొనబడును."

టైపు చేస్తూ ఆగాను. "అయితే సార్, ముందు తినమని కూడా ఒక లైను వేద్దామా?"

"ముందంటే? ఎవరికన్నా ముందు?"

"అంటే... ఇంట్లో మగవాళ్ళకన్నా."

కమిషనర్ గారు కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు. "హైమావతి గారూ, అది కుటుంబ వ్యవస్థకు సంబంధించిన విధానపరమైన అంశం. క్యాబినెట్ స్థాయిలో నిర్ణయం కావాలి. మనం మిగులు వరకే పరిమితమవుదాం."

"ఆఖర్న తినకూడదు, ముందు తినమని చెప్పకూడదు. మరి ఎప్పుడు తినాలి సార్?"

"అది క్షేత్రస్థాయిలో వారే చూసుకుంటారు."

మరి మిగులు తినలేదని రుజువేమిటి? దానికి ఎనిమిదో పేరా. ప్రతి మహిళా ఉద్యోగీ రోజూ ఉదయం తన భర్త నుంచి ధ్రువపత్రం తేవాలి. 'నిన్న రాత్రి మా ఇంట వండిన పదార్థములలో ఏమియు మిగలలేదనియు, కావున నా భార్య మిగులు తినలేదనియు ఇందుమూలముగా ధ్రువీకరించడమైనది.' ఫారం నేనే తయారు చేశాను. వెయ్యి కాపీలు.

వీటితో పాటు రోజుకి మూడు లీటర్ల నీళ్ళు తాగాలన్న నియమం వచ్చింది. తాగామో లేదో రాయడానికి రిజిస్టర్లు వచ్చాయి. రిజిస్టర్లు పెట్టడానికి చోటు లేక ఆడవాళ్ళ బాత్రూములో పెట్టి తాళం వేశారు. దాని గురించి ఇంతకన్నా రాయను, కోపం వస్తుంది.

ఇక మగవాళ్ళు ఏం చేశారో చెప్పాలి.

మా ఆయన హైస్కూలు హెడ్మాస్టరు. సర్క్యులర్ అంటే ఆయనకి ప్రాణం. అబద్ధపు సంతకం చచ్చినా పెట్టడు. మొదటి రోజు రాత్రి ధ్రువపత్రం చేతిలో పెట్టగానే రెండుసార్లు చదివి, "అయితే ఏమీ మిగలకూడదన్నమాట," అని, గుత్తివంకాయ కూరంతా తన కంచంలో వేసుకున్నాడు. అడుగున అంటుకున్నది కూడా అన్నం పెట్టి తుడిచి తిన్నాడు. మర్నాడు పొద్దున్న ఆకుపచ్చ సిరాతో సంతకం పెడుతూ, "ఒక్క మెతుకు లేదు హైమా, ధైర్యంగా ఇచ్చుకో," అన్నాడు. మరి నేనేం తిన్నానని మాత్రం అడగలేదు. ఫారంలో ఆ ప్రశ్న లేదు.

ఊళ్ళో పద్నాలుగిళ్ళలోనూ ఇదే తంతు. ఆఖర్న తినకూడదు కనుక మేం తినలేదు. మిగలకూడదు కనుక వాళ్ళు మిగల్చలేదు. ఎక్కువ వండుదామా అంటే అదీ వాళ్ళే ఊడ్చేసేవాళ్ళు, నియమనిష్ఠలతో. నెల తిరిగేసరికి మా మామగారి పంచె ముడి జారిపోవడం మానేసింది.

అయినా నెలాఖరున కాటా తొమ్మిది వందల యాభై దగ్గరే ఉంది. రెండో నెలా అంతే. దానికి కారణం నాకు తెలుసు, రాయలేదు. పథకం పురోగతి మీద రోజూ మధ్యాహ్నం ఒంటిగంటన్నరకి సమీక్షా సమావేశం ఉండేది. సమావేశంలో సమోసాలు, మిక్చరు, జిలేబీ, రెండుసార్లు టీ. ఇంట్లో తిననిదంతా మేం అక్కడ తినేవాళ్ళం. ఆకలితో వచ్చిన ఆడది జిలేబీ పళ్ళెం ముందు కూర్చుంటే ఏం చేస్తుంది? సమీక్షిస్తుంది.

ఒక్క వరహాలమ్మకి ఆ సమోసా కూడా లేదు. ఆ వేళకి ఆమె ఇంటి దగ్గర అత్తకి అన్నం పెడుతూ ఉంటుంది.

రెండో నెల చీటీ చూసి కమిషనర్ గారు దిగులుగా కూర్చున్నారు. అప్పుడు శశాంక్ ఫోనులో ఏవో లెక్కలు వేసి, "సార్, ఒక సూచన," అన్నాడు. "మన డేటాలో ఎనభై కిలోల ఔట్‌లయర్, అంటే సగటుకి మరీ దూరంగా ఉన్నవారు, ఒకరున్నారు. ఆవిడ లేకపోతే సగటు వెంటనే దాదాపు కిలో తగ్గుతుంది."

"ఒక్క కిలో!" అన్నారు కమిషనర్ గారు. మొహం విప్పారింది. "ఒక్క సంతకంతో. ఏ వ్యాయామంతోనూ ఇంత త్వరగా రాదు." ఆ పూటే నా చేత బదిలీ ఉత్తర్వు టైపు చేయించారు. వరహాలమ్మకి, కొండల అవతల నూట పది కిలోమీటర్ల దూరంలో ఉన్న ఇంకో పురపాలక సంఘానికి. పరిపాలనా సౌలభ్యం దృష్ట్యా. అవతలి కమిషనర్ కూడా తెలివైనవాడే. బదులుగా తమ దగ్గరున్న ఎనభై ఐదు కిలోల ఆవిడని పంపుతానన్నాడట. దాంతో మా కమిషనర్ గారు కొంచెం వెనక్కి తగ్గి, "మూడో నెల తూకం దాకా చూద్దాం. తేదీ వేయకుండా మీ సొరుగులో ఉంచండి," అన్నారు.

దాచి ఏం లాభం? నేనే వరహాలమ్మకి చెప్పాను. ఆమె స్టూలు మీంచి లేచి గోడ పట్టుకుంది.

"పద్నాలుగు నెల్లు గదా అమ్మగోరూ నాకున్నాది," అంది. "అంత దూరం ఎల్లిపోతే మజ్జానం మా అత్త నోట్లో ముద్ద ఎవులెడతారు? ఆమె ఇంకెవుల సేతిదీ తినదు. నా సెయ్యే కావాల."

"తగ్గు వరహాలమ్మా. ఎలాగోలా ఒక పది కిలోలు తగ్గు," అన్నాను. ఇంకేం చెప్పాలో తెలీలేదు. ఆ మాట అన్నందుకు నన్ను నేను ఇప్పటికీ తిట్టుకుంటాను.

సింహాచలం చెడ్డవాడు కాదు. కాయితానికి భయపడే మనిషి. మిల్లులో ఒక్క కాయితం గోడకి అంటించి పన్నెండు వందల మందిని ఇంటికి పంపడం కళ్ళారా చూశాడు. "సర్కారు కాయితం మీద నాను అబద్ధం రాస్తే నీ నౌకరీ పోద్దే," అని, పెళ్ళాం ఉద్యోగం నిలబెట్టడానికి ఆయాసపడుతూ గిన్నెలన్నీ ఖాళీ చేసేవాడు. రాత్రి ఒంటికి పడక, పొద్దున్న సోడా తాగి వేలిముద్ర వేసేవాడు. వరహాలమ్మ గంజి తాగి ఆఫీసుకొచ్చేది. ఆ నెలంతా ఆమె బొద్దు బుగ్గలు లోపలికి పోతుంటే మేం చూస్తూ ఉన్నాం.

తుది తూకం రోజు, వానాకాలమన్న మాటే గానీ, ఎండ మాడిపోతోంది. కమిషనర్ గారు స్వయంగా వచ్చారు, గొడుగు కింద నిలబడ్డారు. పద్నాలుగు మందిమీ హాజరు పట్టీలో సంతకాలు పెట్టి ఇనప పలక ఎక్కాం. గణపతి మీట నొక్కబోతుండగా నా పక్కనున్న వరహాలమ్మ, "అమ్మగోరూ, కళ్ళు..." అని అంది. అంతే. పక్కకి ఒరిగి, కాటా మీంచి దొర్లి కింద మట్టిలో పడిపోయింది.

"ఎనిమిది వందల డెబ్బై!" అని అరిచారు కమిషనర్ గారు. "కొట్టవయ్యా గణపతీ, చీటీ కొట్టు!"

గణపతి బెదిరిపోయి కొట్టేశాడు. నేను కిందకి దూకి వరహాలమ్మ తల ఒళ్ళో పెట్టుకున్నాను. ఎవరో నీళ్ళు చల్లారు. నా సంచీలో ఉన్న అరటిపండు ఒలిచి నోట్లో పెడితే, కళ్ళు తెరిచి చూసి, "నువ్వు తిన్నావా అమ్మా?" అంది. నాకు ఏడుపొచ్చింది. ఒళ్ళు మండిపోయింది కూడా.

"సార్, ఆవిడ కాటా మీద లేదు. కింద పడి ఉంది," అన్నాను లేచి.

"హాజరు పట్టీలో పద్నాలుగు సంతకాలున్నాయా లేవా?"

"ఉన్నాయి."

"అయితే పద్నాలుగుతోనే భాగించాలి. రికార్డు రికార్డే." అక్కడే భాగించారు. అరవై రెండు కిలోల నూట నలభై గ్రాములు. తలకి ఐదు కిలోల ఏడు వందల గ్రాముల పైచిలుకు తగ్గుదల. మూడు నెలల కిందట వరహాలమ్మ పక్కకి దిగినప్పుడు కాటా చూపించిన అంకె కూడా సరిగ్గా ఎనిమిది వందల డెబ్బయ్యే. అంటే మిగతా పదమూడు మందిమీ ఎక్కడి వాళ్ళం అక్కడే ఉన్నాం. ఈ సంగతి ఎవరికీ పట్టలేదు.

మాకు అవార్డొచ్చింది.

ప్రదానం మా టౌను హాల్లోనే. రాజధాని నుంచి మా శాఖ డైరెక్టర్ గారు వస్తారు. ఆ తర్వాత వారంలో మళ్ళీ ఒక తనిఖీ బృందం వచ్చి తూచిపోతుందని కబురు కూడా వచ్చింది. ప్రదానం రోజు పొద్దున్నే కమిషనర్ గారు నన్ను పిలిచి, "ఆ బదిలీ ఉత్తర్వు తీయండి. రేపటి తేదీ వేయండి. మనం సాధించిన ఫలితాన్ని సుస్థిరం చేసుకోవాలి," అన్నారు. ఆవిడ లేకుండా ఉంటేనే ఆ ఎనిమిది వందల డెబ్బై నిలబడుతుందని ఆయనకీ తెలుసన్నమాట. అంత తెలివితక్కువవాడేం కాదు.

మా ఆఫీసులో ఏ విందైనా వడ్డన ఆడవాళ్ళదే. అతిథులు, ఆఫీసర్లు, కౌన్సిలర్లు, వాళ్ళ డ్రైవర్లు తిన్నాక మేం తింటాం. దీనికి ఉత్తర్వేమీ లేదు. ఉత్తర్వు అవసరం ఎన్నడూ రాలేదు. ఆ రోజు కూడా సన్మానాలూ ఉపన్యాసాలూ అయ్యేసరికి రెండయింది. హాలు వెనక బల్లలు వేసి అరిటాకులు పరిచారు. పులిహోర, బొబ్బట్లు, పనసపొట్టు కూర. వరహాలమ్మ నీళ్ళ జగ్గుతో నిలబడి ఉంది. అత్తకి పన్నెండింటికే ముద్ద పెట్టేసి వచ్చిందట. తను మాత్రం ముందు రోజు రాత్రి నుంచి ఏమీ తినలేదు.

నేను దగ్గరికి వెళ్ళి, "రేపటి తేదీ వేయమన్నారు వరహాలమ్మా," అన్నాను మెల్లగా.

"అమ్మగోరూ, ఆ కాయితంలో ఏడో పేరా మరోపాలి సెప్పండి," అంది.

చెప్పాను. నాకు నోటికొచ్చు. ఎవరునూ, ఎచ్చటనూ, ఎట్టి పరిస్థితులలోనూ.

"ఎచ్చటనూ అంటే ఇక్కడ కూడానా?"

"ఇక్కడ కూడానే."

వరహాలమ్మ నీళ్ళ జగ్గు నా చేతిలో పెట్టింది. కొంగు నడుముకి దోపుకుంది. నేరుగా మొదటి బల్ల దగ్గరికి పోయి, డైరెక్టర్ గారి కోసం పూలు జల్లి ఉంచిన కుర్చీ పక్క కుర్చీ లాక్కుని కూర్చుంది. అది కమిషనర్ గారి కుర్చీ. పులిహోర గిన్నె దగ్గరికి జరుపుకుని వడ్డించుకుని, తినడం మొదలెట్టింది.

చేతులు కడుక్కుని వస్తున్న పెద్దలంతా ఎక్కడివాళ్ళక్కడ ఆగిపోయారు. కమిషనర్ గారి మొహం ఎర్రగా కందిపోయింది. ఆమె మీదికి వంగి, పళ్ళ మధ్యనుంచి, "ఏయ్, లే! ఏంటిది? పెద్దవాళ్ళింకా కూర్చోలేదు!" అన్నారు.

వరహాలమ్మ నోట్లో ముద్ద నమిలి మింగి, అందరికీ వినపడేలాగా చెప్పింది. "ఏడో పేరా బాబూ. ఆకర్న తినకూడదని తమరే రాసేరు. తింటే సర్య తీసుకుంతామన్నారు. నౌకరీ కావాల గదా బాబూ నాకు."

డైరెక్టర్ గారు నోరు తెరిచి చూస్తున్నారు. ఆయన కమిషనర్ గారి వైపు తిరిగి, ఆమె వైపు తిరిగి, ఉన్నట్టుండి చప్పట్లు కొట్టారు.

"లైవ్ డెమో! అద్భుతమయ్యా పీతాంబరరావ్! లబ్ధిదారు చేతనే నియమం చెప్పించడం! రాష్ట్రంలో ఎవడికీ రాలేదీ ఆలోచన. ఎవరు రాశారీ ఏడో పేరా?"

కమిషనర్ గారు రుమాలుతో మొహం తుడుచుకున్నారు. "నేనే సార్."

"ఈవిడే మన పథకానికి ముఖచిత్రం. ఫోటో తీయండి. ఏమ్మా, బొబ్బట్టు కూడా వేసుకో, బాగా పడుతుంది."

వేసుకుంది. రెండు. ఆ రోజు పద్నాలుగు మందిమీ మొదటి బంతిలోనే తిన్నాం. లేచి నిలబడమని చెప్పే ధైర్యం ఎవరికీ లేకపోయింది. వడ్డించింది కౌన్సిలర్లు. పప్పు వడ్డించడం వాళ్ళలో ఒక్కడికీ రాదు, ఆకుల మీద వరదలు పారించారు.

సాయంత్రం కమిషనర్ గారు పిలిచారు.

"ఆ ఉత్తర్వు..." అన్నారు.

"చింపేయమంటారా సార్?"

"చింపడమేంటమ్మా, సర్కారు కాగితం. ఫైల్లో పెట్టి ఉంచండి. పోస్టర్లో ఉన్న మనిషిని బదిలీ చేస్తే రేపు పైవాళ్ళకి ఏం సమాధానం చెప్పుకుంటాం?" నిట్టూర్చి, "పద్నాలుగు నెలలే కదా," అన్నారు.

వారం తిరిగేసరికి ఊరంతా పోస్టర్లు. అవి చూశాక తనిఖీ బృందం మళ్ళీ తూచే మాటే ఎత్తలేదు. అరిటాకు ముందు వరహాలమ్మ, చేతిలో ముద్ద. 'ఆఖరున తినను – ఆరోగ్యంగా ఉంటాను'. ఆమె పైన, ఆమెకన్నా పెద్దగా, డైరెక్టర్ గారి ఫోటో, కమిషనర్ గారి ఫోటో. మా ఆఫీసు గోడ మీది పోస్టరు కిందే ఆమె స్టూలు. దాని మీద కూర్చుని కునుకు తీస్తోంది.

"ఏం వరహాలమ్మా, ఇంట్లో ఎలా ఉంది?" అన్నాను.

"ఏటుంతాది అమ్మగోరూ? అవార్డు వచ్చీసింది గదా, ఆ సర్టిపికేట్లు మానేసేరు. మళ్ళీ మిగులుతాంది, మళ్ళీ నానే తింతన్నాను. పదకొండింటికి. ముందు తింతానని అడిగేను మా ఆయన్ని. 'ఆ రూలు ఆఫీసుకి గదే, ఇంటికేదీ కాయితం?' అన్నాడు." నవ్వింది. తర్వాత గొంతు తగ్గించి, "ఆడు సెడ్డోడు కాడమ్మగోరూ. కాయితం ఉంటే సేస్తాడు. ఇంటికోటి కొట్టీయండి, గుండ్రం సీలేసి."

నేను కమిషనర్ గారి గది వైపు చూశాను. సమీక్షలో ఉన్నారు. కంప్యూటర్ ముందు కూర్చుని టైపు చేశాను.

"పై సూచిక ననుసరించి, ఇంటిలో ఇంతవరకూ ఆఖరున తినుచున్న వారు ఇకపై మొదట తినవలెను. వేడిగా తినవలెను. కూర్చుని తినవలెను. మిగిలినది మిగతావారు తినవలెను. ఈ ఉత్తర్వు తక్షణమే అమలులోకి వచ్చును." కింద 'కమిషనర్ కొరకు' అని వేసి, నా సంతకం పెట్టడానికి జాగా ఉంచాను. నాలుగో మెమోకి కూడా ఎక్కడో చోటు దొరక్కపోదు.

కాపీలు ఎన్ని అని అడిగింది మెషిను. ఒకటి అని కొట్టబోయాను. ఇంటి దగ్గర ఆకుపచ్చ సిరా పెన్ను పట్టుకుని కూర్చునే మనిషి గుర్తొచ్చాడు.

రెండు అని కొట్టాను. రెండింటి మీదా సీలు నేనే వేశాను.